ట్రాక్టరు ఇంజను బెల్టును ఇంటివద్దనే మార్చుకొను విధము

(కాస్తుకారుల ఉపయోగార్థము)

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల కాస్తుకారులకు తెలియజేయునది యేమనగా:

మోటలు నడచిన దినములలో తెలివిగల రైతు తెల్లవారుజామున ఎడ్లను కట్టుటకు ముందు మోకును చేతితో తడవి చూచుకొనెడివాడు. ఒక పురి లేచినను, ఒకచోట పీచు పొడమినను ఆ మోకును విడిచి క్రొత్తది తగిలించెడివాడు. ఏలయనగా నిండు మోట పైకి వచ్చుచుండగా మోకు తెగినయెడల బొక్కెన బావిలో పడును, ఎడ్లు ముందుకు తూలి మోకాళ్లపై పడును, ఆ దినపు నీరు మడికి అందదు. మోకు వెల స్వల్పము. అది తెగుటవలన కలుగు నష్టము స్వల్పము కాదు.

ఇప్పుడు మోటలు లేవు. కాకతీయ కాలువనుండియు గొట్టపుబావులనుండియు నీరు వచ్చుచున్నది. దున్నుట, కరిగెట చేయుట, మోయుట అన్నియు ట్రాక్టరు వలననే సాగుచున్నవి. అయితే ట్రాక్టరుకును ఒక మోకు కలదు. ఇంజను ముందుభాగమున తిరుగుచుండు నల్లని రబ్బరు బెల్టే అది. దానిని చేతితో తడవి చూచువారు అరుదు. బెల్టు సాధారణముగా చెప్పక తెగదు. తెగుటకు ముందు చాల దినములు తన స్థితిని కంటికిని చెవికిని తెలుపుచునే యుండును. ఆ సూచనలను గ్రహించుటయు, సమయమునకు ముందే ఇంటివద్ద బెల్టును మార్చుకొనుటయు ఎట్లో ఈ కరపత్రమున వివరింపబడుచున్నది. అలవాటు పడినవారికి ఇది ఒక గంట పని.

1. బెల్టు చేయు పని

ఇంజను లోపలి ప్రధాన ఇరుసు కొన ముందువైపునకు వచ్చి, అచట ఒక పుల్లీని ధరించియుండును. బెల్టు ఆ పుల్లీనుండి బయలుదేరి పైనున్న ఫ్యాను, వాటరు పంపుల పుల్లీని, ప్రక్కనున్న డైనమో పుల్లీని చుట్టి మరల క్రిందికి వచ్చును. కనుక ఒక్క బెల్టు మూడు పనులు చేయుచున్నది. ఫ్యాను రేడియేటరు గుండ గాలిని లాగును. వాటరు పంపు ఇంజను చుట్టును నీటిని త్రిప్పును. డైనమో బ్యాటరీని నింపును. బెల్టు తెగిన క్షణమున ఈ మూడును ఒక్కసారి నిలిచిపోవును. ఇంజను మాత్రము నిలువదు. అపాయమంతయు ఇందులోనే యున్నది. ఇంజను తిరుగుచునే యుండుటచేత రైతు ఏమియు జరుగలేదని భ్రమించును.

2. బెల్టు నిర్మాణము

పూర్వము నూనె యింజన్లకును బియ్యపు మిల్లులకును వెడల్పైన తోలుపట్టీలు వాడుచుండిరి. అవి బల్లపరుపు చక్రములపై నడచుచు, తడిసిన జారుచు, ప్రక్కకు తొలగి పడిపోవుచుండెను. 1917వ సంవత్సరమున అమెరికా దేశమందలి డెన్వరు నగరమున జాన్ గేట్స్ అనువారు రబ్బరుతో కోణాకృతిగల బెల్టును సిద్ధపరచిరి. పైన వెడల్పుగాను క్రింద సన్నముగాను ఉండి పుల్లీ గాడిలో మేకువలె దిగుటవలన ఇది తక్కువ బిగువుతోనే ఎక్కువ పట్టు నిచ్చును.

ఇందు గుర్తుంచుకొనవలసినది ఒకటి కలదు. ఈ బెల్టు గాడి అడుగున ఆనుకొని పని చేయదు. రెండు ప్రక్కల వాలుగోడలను పట్టుకొని పని చేయును. ప్రక్కలు అరిగి బెల్టు గాడి అడుగును తాకినయెడల దానికి పట్టు పోయినదని తెలియవలెను. అట్టి దానిని ఎంత బిగించినను ప్రయోజనము లేదు. బెల్టు లోపల పైభాగమున పొడవునా దారపు త్రాళ్లు కలవు. బలమంతయు ఆ త్రాళ్లదే. రబ్బరు వానిని కాపాడి, గాడిని పట్టుకొనును.

3. బెల్టు చెడుచున్నదని తెలుపు గుర్తులు

(అ) ఇంజను ప్రారంభించినప్పుడును, ఒక్కసారి వేగము పెంచినప్పుడును కీచుమను ధ్వని వచ్చుట. ఇది బెల్టు జారుటను తెలుపును.

(ఆ) బెల్టు లోపలివైపును వంచి చూచినప్పుడు అడ్డముగా పగుళ్లు కనబడుట.

(ఇ) ప్రక్కలు అద్దమువలె నున్నగా మెరయుట. జారి కాలిన రబ్బరునకు ఇట్టి మెరుపు వచ్చును.

(ఈ) అంచుల దారములు పీచుగా బయటికి వచ్చుట, లేక రబ్బరు తునకలు ఊడుట.

(ఉ) బెల్టు నూనెతో తడిసి ఉబ్బి మెత్తబడుట.

(ఊ) బ్యాటరీ దీపము వెలుగుట, లేక వేడిని తెలుపు ముల్లు నిత్యముకంటె పైకి పోవుట.

ఈ గుర్తులను ఇంజను ఆపి, చల్లారిన పిమ్మట, పగటి వెలుతురున చూడవలెను. ఆబీ కరిగెటలకు ముందు వైశాఖమాసమున ఒకసారియు, తాబీ పనులకు ముందు కార్తీకమాసమున మరియొకసారియు పరీక్షించుట మంచిది. కాలువకు నీరు విడిచిన పిదప ఊరిలోని ట్రాక్టర్లన్నియు ఒకేసారి పొలములలో దిగును. మిస్త్రీ దొరకడు, అంగడిలో కొలతకు తగిన బెల్టు దొరకుటయు సందేహమే.

4. పొలములోనే బెల్టు తెగినయెడల

ఒక రైతు కరిగెట చేయుచున్నాడనియు, నాటువేయువారు మరునాటికి నిశ్చయింపబడిరనియు, ఇంక ఒక్క మడి మిగిలియున్నదనియు అనుకొందము. బెల్టు తెగి బ్యాటరీ దీపము వెలిగినది. "ఈ ఒక్క మడి ముగించి చూచుకొందము" అని అతడు సాగించినయెడల, నీరు తిరుగని ఇంజను కొద్ది నిమిషములలో మితిమీరి కాగును. హెడ్డు వంకరపోవచ్చును, దాని క్రింది గాస్కెటు కాలిపోవచ్చును, పిస్టను పట్టివేయవచ్చును. బెల్టు వెల వందల రూపాయలలో నుండును. ఇంజను విప్పించి బాగుచేయించు ఖర్చు పదులవేలకు పోవును, పైగా నాటు అదను తప్పును. ఒక్క మడి కొరకు చేసిన తొందర ఆ కారు సేద్యమునకే చేటు తెచ్చును.

కనుక దీపము వెలిగినను, ముల్లు పైకి పోయినను, వెంటనే పనిముట్టు భారమును తొలగించి ఇంజనును ఆపవలెను. ఆపిన పిదప రెండు తప్పులు చేయరాదు.

మొదటిది, రేడియేటరు మూతను వెంటనే తీయరాదు. లోపలి నీరు ఒత్తిడిలో నుండుటచేత 100 డిగ్రీలు దాటినను మరుగక నిలిచియుండును. మూత తీయగానే ఆ ఒత్తిడి పోయి, నీరు ఒక్కసారి ఆవిరియై ముఖముమీదికి చిమ్మును. దీనివలన కన్నులు పోవు అపాయము కలదు. చేయి పెట్టి ఓర్చుకొనునంతవరకు చల్లారనిచ్చి, మందపు గుడ్డ కప్పి, ముఖము దూరముగా నుంచి, కొద్దికొద్దిగా త్రిప్పవలెను.

రెండవది, కాగిన ఇంజనులో చన్నీరు పోయరాదు. కాగిన ఇనుము ఒక్కసారి చల్లబడినచో పగులును.

5. క్రొత్త బెల్టు కొనుట

ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకములో బెల్టు సంఖ్య యుండును. పాత బెల్టు వీపుపైనను సంఖ్య ముద్రింపబడియుండును. సాధారణ యంత్రముల బెల్టులపై "ఏ", "బి", "సి" అను అక్షరములలో ఒకటి కానవచ్చును. "ఏ" జాతి పైవెడల్పు 13 మిల్లీమీటర్లు, "బి" 17, "సి" 22. అక్షరము తరువాతి సంఖ్య లోపలి చుట్టుకొలతను అంగుళములలో తెలుపును. "బి 60" అనగా 17 మిల్లీమీటర్ల వెడల్పును 60 అంగుళముల లోకొలతయు గల బెల్టని అర్థము. ట్రాక్టరు ఫ్యాను బెల్టులపై తరచుగా వెడల్పును పొడవును మిల్లీమీటర్లలోనే ముద్రింతురు.

సంఖ్య చెరిగిపోయినయెడల పాత బెల్టును అంగడికి తీసికొనిపోవచ్చును గాని, అది వాడుకలో కొంత సాగియుండునని మరువరాదు. ట్రాక్టరు పేరును నమూనాను చెప్పి సరిచూచుకొనుట ఉత్తమము. వెడల్పు తక్కువైన బెల్టు గాడి అడుగునకు పోవును. ఎక్కువైనది పైకి ఉబికి త్వరలో చీలును. రెండు మూడు బెల్టులు ప్రక్కప్రక్కన నడచు యంత్రములలో ఒకటి తెగినను అన్నిటిని ఒకేసారి మార్చవలెను. లేనియెడల క్రొత్తది పొట్టిగాను పాతవి సాగియు ఉండుటచేత భారమంతయు క్రొత్తదానిమీదనే పడి అదియు తెగును.

ఒక బెల్టును మిగులుగా ఇంటనుంచుకొనుట మేలు. దానిని ఎండ సోకని చల్లని చోట, కిరసనాయిలుకును డీజిలుకును దూరముగా, ఎలుకలు కొరుకనట్లు దాచవలెను. సన్నని మేకుకు వ్రేలాడదీసినచో ఆ చోట మడత పడి త్రాడు బలహీనమగును.

6. పని ప్రారంభించుటకు ముందు

కావలసినవి: బోల్టులకు సరిపడు పానాలు రెండు, ఒక బలమైన కొయ్యకఱ్ఱ, పొడిగుడ్డ, కొలబద్ద, నిడుపాటి దారము.

ట్రాక్టరును సమతలముపై నిలిపి, గేరు తప్పించి, చేతిబ్రేకు వేసి, చక్రములకు రాళ్లు అడ్డము పెట్టవలెను. వెనుక కట్టిన పనిముట్టును నేలపైకి దింపవలెను. తాళపుచెవి బండికి విడువక, పని చేయువాని జేబులోనే యుండవలెను. ఇతరులెవ్వరును ఇంజను త్రిప్పకుండుటకు ఇంతకంటె మంచి ఉపాయము లేదు. బ్యాటరీకి గల రెండు తీగలలో ఇంజను ఇనుమునకు తగిలించిన ఎర్తు తీగను ముందుగా విప్పవలెను. లేనియెడల పానా డైనమో తీగకు తగిలి నిప్పురవ్వలు లేచును. భుజముపై తువ్వాల, వ్రేలాడు పంచెకొంగు, చేతికడియము, ఉంగరము తీసివేయవలెను. పిల్లలను దరికి రానీయరాదు.

7. మార్చు క్రమము

ఒకటి. పాత బెల్టు ఏ పుల్లీని ఏ వైపునుండి చుట్టినదో చూచి, బొగ్గుతోనో సుద్దతోనో ఒక పలకపై గీసికొనవలెను.

రెండు. డైనమో క్రిందనో పైననో ఒక బోల్టుపై కీలువలె తిరుగుచుండును. రెండవ వైపు నిడుపాటి చీలిక గల ఇనుపపట్టీకి మరియొక బోల్టుతో బిగింపబడియుండును. ఈ రెండు బోల్టులను వదులు చేయవలెను గాని పూర్తిగా ఊడదీయరాదు.

మూడు. డైనమోను ఇంజనువైపునకు నెట్టవలెను. బెల్టు వదులగును. ముందు డైనమో పుల్లీనుండి, పిదప తక్కిన పుల్లీలనుండి తీసి, ఫ్యాను రెక్కల మీదుగా ఒక్కొక్క రెక్కను దాటించి వెలికి తీయవలెను. రేడియేటరు రేకులకు దెబ్బ తగులకుండ చూచుకొనవలెను.

నాలుగు. ఇప్పుడు తొందరపడి క్రొత్తది ఎక్కింపరాదు. ప్రతి పుల్లీని చేతితో త్రిప్పి చూడవలెను. గరగర ధ్వనియు ఊగుటయు ఉన్నయెడల బేరింగు పోయినదని తెలియవలెను. గాడిలో బురద, గడ్డి, నూనె ఉన్నచో పొడిగుడ్డతో తుడువవలెను. గాడి అంచు విరిగినను వంగినను ఆ పుల్లీని మార్పింపవలెను. పుల్లీల ముఖములకు దారమును లాగిపట్టి, అన్నియు ఒకే వరుసలో నున్నవో లేవో చూడవలెను.

ఐదు. క్రొత్త బెల్టును ఫ్యాను రెక్కల మీదుగా దింపి, ముందు క్రిందిపుల్లీకి, పిదప పైపుల్లీకి, తుదకు డైనమో పుల్లీకి చేతితోనే తొడుగవలెను. పేచ్‌కస్సుతోనో గడ్డపారతోనో నెట్టి ఎక్కించుట తప్పు. బయటికి ఏమియు కనబడకపోయినను లోపలి త్రాళ్లు తెగును. అట్టి బెల్టు క్రొత్తదైనను త్వరలోనే తెగును. బెల్టును పుల్లీ అంచున పెట్టి మరియొకనిచేత ఇంజను ప్రారంభింపజేసి ఎక్కించుట ఇంతకంటె ఘోరమైన తప్పు. వ్రేళ్లు బెల్టునకును పుల్లీకిని నడుమ పడి తెగిపోవును. చేతికి ఎక్కని బెల్టు కొలత తప్పినదైనను కావలెను, లేక డైనమో తగినంత లోపలికి రాలేదనియైనను తెలియవలెను.

8. బిగువు

డైనమో వెనుక కొయ్యకఱ్ఱను ఆనించి మెల్లగా బయటికి లాగవలెను. కఱ్ఱ డైనమో దృఢమైన చివరిభాగమునకు తగులవలెను గాని నడిమి పలుచని భాగమునకు కాదు. ముందు చీలిక బోల్టును, తరువాత కీలుబోల్టును బిగింపవలెను.

రెండు పుల్లీల నడుమ అన్నిటికంటె నిడుపైన భాగమున బొటనవ్రేలితో గట్టిగా నొక్కినప్పుడు బెల్టు సుమారు అర అంగుళము దిగవలెను. ట్రాక్టరు పుస్తకములో వేరు కొలత చెప్పియున్నచో దానినే అనుసరింపవలెను. అంతకంటె ఎక్కువ దిగినచో వదులు. బెల్టు జారి కాలును. తక్కువ దిగినచో అతిబిగువు. వాటరు పంపు, డైనమోల బేరింగులు అరిగిపోవును, పంపునుండి నీరు కారును. గట్టిగా నున్నదే మంచిదని తలంచువారు బెల్టును కాపాడి బేరింగులను పోగొట్టుకొందురు.

పానాలు, గుడ్డలు అన్నియు తీసితిమా యని చూచి, ఎర్తు తీగను మరల తగిలించి, రేడియేటరు నీటిని పరీక్షించి, ఇంజనును పది నిమిషములు నడిపి ఆపవలెను. ఆపిన పిదప బిగువును మరల చూడవలెను. క్రొత్త బెల్టు గాడిలో సర్దుకొని కొంత సాగును. కావున మొదటి దినపు పని ముగియగానే మరియొకసారి పరీక్షించి బిగించుట అవశ్యకము. ఈ ఒక్క పనిని మరచుటచేతనే అనేకుల క్రొత్త బెల్టులు స్వల్పకాలములో చెడుచున్నవి.

9. బెల్టు ఎందుకు తెగినది?

బెల్టు మార్చుట సగము పని. కారణమును కనుగొనుట తక్కిన సగము. ఏండ్ల తరబడి నడచి పగుళ్లు పడి తెగినచో అది వయస్సు. ఒక ప్రక్కయే అరిగినచో పుల్లీలు వరుస తప్పినవి. నూనెతో ఉబ్బినచో ఎచటనో నూనె కారుచున్నది. ఒకచోట మాత్రము కాలినచో ఏదో పుల్లీ పట్టివేయగా బెల్టు దానిమీద ఒరసికొన్నది. కారణమును విడిచి బెల్టును మార్చినయెడల క్రొత్తదియు పాతదాని దారినే పోవును.

కీచుధ్వని వచ్చుచున్నదని నూనెయు సబ్బును పూయువారు కలరు. ధ్వని తాత్కాలికముగా పోవును గాని నూనె రబ్బరును పాడుచేయును, జారుట హెచ్చును. బెల్టు మంచిదైనను ఇంజను కాగుచుండినచో రేడియేటరు రేకులలో చిక్కిన పొట్టును దుమ్మును తీయవలెను.

10. కార్ల విషయము

కారు కలవారికిని పై సూత్రములే వర్తించును. అయితే నేటి కార్లలో అనేకములకు లోపలివైపు పొడవునా సన్నని గాళ్లు గల వెడల్పు బెల్టు కలదు. దానిని స్ప్రింగుగల పుల్లీ ఒకటి తనంతట బిగించియుంచును. స్ప్రింగును పానాతో వెనుకకు త్రిప్పి బెల్టును తీయుదురు. దాని మార్గము మెలికలుగా నుండుటచేత చిత్రము గీసికొనక తీయరాదు.

కొన్ని ఇంజన్లలో మూత లోపల టైమింగు బెల్టు అనునది వేరుగా కలదు. ఇది వాల్వులు తెరచుకొను సమయమును నిర్ణయించును. దీనిని ఒక పన్ను తప్పి అమర్చినను ఇంజను సరిగా నడువదు. మరికొంత తప్పినయెడల కొన్ని ఇంజన్లలో వాల్వులు పిస్టనుకు తగిలి వంగిపోవును. ఇది ఇంటివద్ద చేయదగిన పని కాదు, మిస్త్రీకే విడువవలెను.

11. కళ్లములు, గిర్నీలు, సాంచెలు

మక్కలు ఒలుచు యంత్రములు, నూర్పిడి యంత్రములు, ఊరి పిండిగిర్నీలు, సిరిసిల్ల మరనేత సాంచెలు మొదలగు వానిలో బెల్టు ఉన్నచోట నెల్ల పైధర్మములే పాటింపవలెను. నూర్పిడి యంత్రములవలన చేతులు పోవుటను నివారింపవలెనని భారత ప్రభుత్వము 1983లో ప్రమాదకర యంత్రముల చట్టమును చేసినది. బెల్టుపై కప్పిన ఇనుపజాలి అందుకొరకే యున్నది. బెల్టు మార్చునప్పుడు తీసిన జాలిని మరల బిగింపక యంత్రమును నడుపరాదు.

కరెంటు మోటారుతో నడచు యంత్రములకు మరియొక అపాయము కలదు. కరెంటు పోయి యంత్రము నిలిచినప్పుడే బెల్టు మార్చుకొందమని కొందరు పూనుకొందురు. స్విచ్చి వేసియే యున్నయెడల కరెంటు తిరిగి రాగానే యంత్రము తనంతట తిరుగును. ఆటోస్టార్టరు ఉన్నచో సందేహమే లేదు. కావున కరెంటు ఉన్నను లేకున్నను స్విచ్చి ఆపి, ఫ్యూజులు తీసి దగ్గర ఉంచుకొని, పిదపనే బెల్టుపై చేయి వేయవలెను.

12. ముఖ్యాంశములు

బెల్టును కారునకు ఒకసారి, పని లేని దినమున, కంటితో చూచి చేతితో నొక్కి పరీక్షింపుడు. దీపము వెలిగిన వెంటనే ఇంజను ఆపుడు. తాళపుచెవి జేబులో నుండక బెల్టును ముట్టకుడు. ఇనుముతో నెట్టి ఎక్కింపకుడు. అర అంగుళపు కొలతను మరువకుడు. మొదటి దినము ముగియగానే మరల బిగింపుడు.

మోకు తెగినప్పుడు బొక్కెనను గాలముతో వెలికి తీయవచ్చును. కాలిన ఇంజనును, తెగిన వ్రేళ్లను మునుపటివలె చేయుట అంత సులభము కాదు. చదువ నేర్చినవారు ఈ కరపత్రమును తమ యింటి ట్రాక్టరు నడుపువారికిని, చదువురాని యిరుగుపొరుగు కాస్తుకారులకును చదివి వినిపింపవలెనని కోరడమైనది.